చేట, చెంబు, అవ్వ ఒడి

(సంఘం వార్షికోత్సవ సభలో యువతీ యువకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

చంటిబిడ్డల ఆటల మీద మాట్లాడమని సంఘం పెద్దలు అడిగినప్పుడు మాకే నవ్వొచ్చింది. ఇంతకుముందు మాట్లాడిన అన్న గ్రూప్స్ పరీక్షల గురించి చెప్పాడు. ఆయన దిగిన మైకు ముందుకొచ్చి మేము గిలక్కాయ ముచ్చట మొదలుపెడితే మీ చూపు భోజనాల వైపు పోతుందని తెలుసు. పోనీండి, ఆ వాసన మాకూ వస్తోంది. కాసేపు మాత్రం మా మాట వినండి.

ఈ ప్రసంగం మేము నలుగురం కూర్చుని రాసుకున్నాం. ఇద్దరం సుగాలి ఆడపడుచులం, తుగ్గలి వైపు తండాల్లో పుట్టినవాళ్ళం. ఒకరు అంగన్‌వాడీలో పని చేస్తారు, ఇంకొకరు నర్సు. మూడో అక్కది కడప జిల్లా, ఎరుకల ఇల్లు. గంపలు అల్లే ఇంట్లో పెరిగింది. నాలుగో చెల్లెలు నల్లమల చెంచుగూడెం నుంచి వచ్చింది. నలుగురిలో ఒకరు చదువుతున్నా, మాట నలుగురిదీ.

మీలో ఎక్కువమందికి ఇంకా పెళ్ళి కాలేదు. మాకెందుకు ఈ సంగతి అని అడగొచ్చు. మీ ఇంట్లో అక్క బిడ్డో, వదిన బిడ్డో ఉంటుంది కదా. అక్క కూలికి పోతే, వదిన నీళ్ళకు పోతే ఆ బిడ్డ ఎవరి చంకలో ఉంటుంది? మన ఇళ్ళల్లో చంటిబిడ్డను సగం పొద్దు చూసేది పద్నాలుగేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళ లోపు పిల్లలే. అందుకే తల్లుల సభలో కాకుండా మీ ముందు మాట్లాడతామని మేమే అడిగాం.

మాలో ఒకరి అవ్వ సంగతితో మొదలుపెడతాం. ఆమె చివరిదాకా పేటియా, కాంచళి తప్ప చీర కట్టలేదు. అద్దాలు, గవ్వలు, పాత వెండి బిళ్ళలు, అంచున చిన్న చిన్న మువ్వలు. చేతుల నిండా గాజులు. ఆమె నడిస్తే వాకిట్లో ఉన్నవాళ్ళకు వంటింట్లోంచే తెలిసేది. కొత్తగా పుట్టిన బిడ్డ ఎవరింట్లో ఏడ్చినా అవ్వను పిలిచేవాళ్ళు. ఆమె ఒళ్ళో వేసుకుని నెమ్మదిగా ఊగేది. ఎండ ఆ అద్దాల మీద పడి పైన తాటాకు కప్పు మీద చుక్కలు చుక్కలుగా కదిలేది. బిడ్డ ఏడుపు మానేసి ఆ చుక్కల వెంట కళ్ళు తిప్పేది. మువ్వలు మోగితే కాళ్ళు ఆడించేది. అవ్వ ఒక అక్షరం చదువుకోలేదు. కానీ ఈరోజు పట్నంలో డబ్బులిచ్చి 'సెన్సరీ ప్లే' అని కొనుక్కునేది ఆమె ఒళ్ళో ఊరికే దొరికింది.

ఆ పేటియా ఇప్పుడు ఇనప పెట్టెలో ఉంది. తీజ్‌కు, స్టేజీ మీద డాన్సుకు బయటికి తీస్తున్నాం. డాన్సు మంచిదే. అయితే ఆ బట్టను అందరికంటే ఎక్కువ ఇష్టంగా చూసేది స్టేజీ కింద ఉన్న జనం కాదు, మూడు నెలల బిడ్డ. ఈసారి పెట్టె తెరిచినప్పుడు బిడ్డ ముందు ఒకసారి ఆడించి చూడండి. దూరం నుంచి చూపించండి, నోటికి మాత్రం ఇవ్వకండి. పాత దారం తెగితే అద్దం ముక్కో గవ్వో గొంతులో పడుతుంది.

బిడ్డకు ఇవన్నీ ఎందుకో నర్సుగా పని చేసే అక్క చెప్పమంటోంది. పుట్టిన బిడ్డ చూపు దూరం ఆనదు. 20 నుంచి 30 సెంటీమీటర్ల దాకా బాగా కనిపిస్తుంది. పాలు తాగేటప్పుడు తల్లి ముఖం ఉండే దూరం అదే. రంగులు సరిగ్గా తెలియడానికి నాలుగైదు నెలలు పడుతుంది. మొదట్లో నలుపు తెలుపు, వెలుగు నీడ తేడాలే బాగా పట్టుకుంటుంది. వినడం కడుపులో ఉండగానే మొదలవుతుంది, అందుకే పుట్టగానే తల్లి గొంతు గుర్తుపడుతుంది. పాల వాసన గుర్తుపడుతుంది. ఏ వస్తువు దొరికినా నోట్లో పెట్టుకోవడం దురలవాటు కాదు. ఆ వయసులో నోరే చెయ్యి. మొదటి ఏళ్ళలో మెదడులో సెకనుకు పది లక్షలకు పైగా కొత్త సంబంధాలు ఏర్పడతాయని శాస్త్రవేత్తలు చెప్తారు. రెండేళ్ళు నిండేసరికి మెదడు పెద్దవాళ్ళ మెదడులో సుమారు 80 శాతం సైజుకు వస్తుంది. చూసినవి, విన్నవి, తాకినవి, వాసన పట్టినవి ఆ సంబంధాలను గట్టిపరుస్తాయి. మనం బడిలో వేసే నాటికి ఆ పని చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

ఇప్పుడు సుగ్గి మాట. కర్నూలు పడమటి మండలాల వాళ్ళకు ఈ పదానికి అర్థం చెప్పక్కర్లేదు. పంట ఇంటికి రాని ఏడు గుంటూరు వైపు పత్తికి, మిరపకు పోతాం. బడి ఈడు పిల్లలకైతే సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి. పాలు తాగే బిడ్డకు హాస్టల్ ఉండదు, తల్లి వెంట పోవాల్సిందే. మాలో ఒకరు ఎనిమిదేళ్ళప్పుడు బడి మానేసి తమ్ముణ్ణి చూసుకోవడానికి అలా పోయింది. చేని గట్టున టార్పాలిన్ గుడిసె. చెట్టుకు చీర ఊయల. చేతిలో ఆటవస్తువు ఒక్కటీ లేదు. ఆకులు ఊపింది, పాట పాడింది, వాడి అరచేతిలో మన్ను పోసింది, సత్తు గ్లాసు మీద పుల్లతో కొట్టింది. ఆ అమ్మాయికి బడి పోవడం మాకు ఇప్పటికీ బాధే, దాన్ని గొప్పగా చెప్పడం లేదు. కానీ ఆ తమ్ముడికి ఆట పోలేదు.

మొన్న మిరప కోతలప్పుడు మేము అలాంటి గుడిసెల దగ్గరికే పోయాం. ఊయల ఉంది. ఊయల తాడుకు ఫోను కట్టి ఉంది. పది నెలల పిల్లోడు రెప్ప వేయకుండా రంగు రంగుల బొమ్మలు చూస్తున్నాడు. పక్కనే పదకొండేళ్ళ అక్క, చేతిలో ఏ పనీ లేదు. 'ఏడవడం లేదక్కా, బాగా చూసుకుంటున్నా' అంది. ఆ పిల్లను ఏమని కోప్పడతాం? పొద్దున నాలుగింటికి లేచే తల్లిని ఏమని కోప్పడతాం? ఫోను లేకపోతే ఆమె వంట కూడా కాదు.

అయినా తెలిసింది చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళ లోపు పిల్లలకు ఇచ్చిన సూచనల్లో ఏడాది లోపు బిడ్డకు తెర అసలు వద్దంది. మనకు ఇంకా దగ్గరగా తగిలే ప్రయోగం ఒకటుంది. 2003లో అమెరికాలో పెట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్ళు తొమ్మిది నెలల బిడ్డలకు చైనా భాష వినిపించారు. కొందరి ముందు మనిషే కూర్చుని ఆడిస్తూ మాట్లాడింది. కొందరికి అవే మాటలు వీడియోలో వేశారు. మనిషి దగ్గర విన్న బిడ్డలు పన్నెండు సార్లకే ఆ భాష శబ్దాల తేడా పట్టుకున్నారు. వీడియో చూసినవాళ్ళకు ఏమీ రాలేదు. మన గోర్‌బోలికి సొంత లిపి లేదు. ఎరుకల భాషకూ లేదు. అవి ఇన్ని తరాలు నిలిచింది నోటి నుంచి చెవికి, అదీ ఒళ్ళో కూర్చున్న బిడ్డ చెవికి. భాష పోతోందని ఈ సభలో ఏటా తీర్మానం చేస్తున్నాం. నీళ్ళు పోస్తూ 'పాణి' అని, రొట్టె చూపిస్తూ 'బాటి' అని ఇంట్లో బిడ్డతో ఎవరు అంటున్నారు?

ఇదంతా ఒక బిడ్డ దగ్గర మాకు గట్టిగా తగిలింది. ఏ తండా అన్నది చెప్పం. అంగన్‌వాడీ అక్క ఇళ్ళకు తిరుగుతూ ఒకరోజు ఒక ఇంట్లో ఆగింది. పదమూడు నెలల పిల్లోడు. చాలా నెమ్మదస్తుడు, ఫోను ఇస్తే గంటసేపు కదలడు అని నాయనమ్మ మురిపెంగా చెప్పింది. అక్క వాడి వెనకాల కూర్చుని స్టీలు పళ్ళెం మీద గరిటెతో టంగుమని కొట్టింది. వాకిట్లో కోడి బెదిరింది. పిల్లోడు తల తిప్పలేదు. ఇంకో వైపు నుంచి కొట్టింది. తిప్పలేదు. ఫోనులో బొమ్మలు కదులుతుంటే చూస్తున్నాడు కాబట్టి వాడికి వినపడటం లేదని ఇంట్లో ఎవరికీ తోచలేదు. గిన్నెలు మోగించి ఆడించే అలవాటు ఆ ఇంట్లో ఉండి ఉంటే నాలుగైదు నెలలకే తెలిసేది. పుట్టుచెవుడుకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంది, ఆరోగ్యశ్రీ అని మనం పిలిచే పథకంలో చేస్తారు. కానీ మాట నేర్చే వయసు దాటేకొద్దీ దాని ఫలితం తగ్గుతుంది. ఆ కుటుంబం ఇప్పుడు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతోంది. ఆ రోజు నుంచి మేము ఏ ఇంటికి పోయినా పళ్ళెం, గరిటె అడుగుతాం. ఆరు నెలలు నిండిన బిడ్డ చప్పుడు వైపు తల తిప్పకపోయినా, కదిలే వస్తువు వెంట కళ్ళు పోకపోయినా మీ ఏఎన్ఎంకు వెంటనే చెప్పండి. 'మాటలు ఆలస్యంగా వస్తాయిలే, వాళ్ళ నాన్నకూ అంతే' అని ఊరుకోకండి.

సరే, ఆటకొద్దాం. ఈ బల్ల మీద ఉన్న గంప ఎరుకల అక్క సొంతంగా అల్లి తెచ్చింది. ఈత బరిగెలతో, అడుగు వెడల్పుగా, బిడ్డ పట్టుకుని లాగినా బోర్లా పడకుండా అల్లింది. అంచు పుల్లలు గుచ్చుకోకుండా గుడ్డ చుట్టింది. ఇంగ్లండ్‌లో ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ అని ఒకామె ఉండేది, 1910లో పుట్టి 2009లో పోయింది. కూర్చోవడం వచ్చిన బిడ్డ ముందు ఒక గుండ్రటి గంప పెట్టి, అందులో ప్లాస్టిక్ బొమ్మలు కాకుండా ఇంట్లో వాడే వస్తువులు వేసి, పెద్దవాళ్ళు పక్కన మాట్లాడకుండా కూర్చోవాలని చెప్పింది. దానికి నిధి గంప అని అర్థం వచ్చే పేరు పెట్టింది. అది చదివి మా అక్క అంది: 'మేము వీధి వీధి తిరిగి గంపలు అమ్ముకునేటప్పుడు మా పిల్లలు ఆ గంపల్లోనే పెరిగారు, పేరు పెట్టాలని మాకు తెలియలేదు.'

గంపలో ఏముందో చూడండి. సంగటి కెలికే తెడ్డు, పాతది, నున్నగా అరిగింది. ఇత్తడి చెంబు. చిన్న స్టీలు గ్లాసు. పీచు గీకి అంచు నున్నగా రుద్దిన కొబ్బరి చిప్ప. ఎండిన సొరబుర్ర. గోనె ముక్క, నూలు ముక్క, పాత పట్టుచీర ముక్క. జొన్నలు పోసి అన్ని వైపులా రెండు వరసలు కుట్టిన చిన్న గుడ్డ సంచి. ఒక పెద్ద నిమ్మకాయ. పక్కనే చేట. అన్నీ కలిపి మీ వంటింట్లో ఈ క్షణం ఉన్నవే. ఇత్తడి చల్లగా తగులుతుంది, తెడ్డు తగలదు. చెంబు బరువు, సొరబుర్ర పెద్దదైనా తేలిక. గోనె గరుకు, పట్టు జారిపోతుంది. నిమ్మకాయ నాలిక మీద ఒక రకం, ముక్కుకు ఇంకో రకం. ప్లాస్టిక్ ఏనుగు, ప్లాస్టిక్ కారు రెండూ నోట్లో ఒకే రుచి, చేతిలో ఒకే బరువు. ధర మాత్రం ఎక్కువ.

ఈ గంప ఆరేడు నెలలు నిండి, కూర్చోవడం వచ్చిన బిడ్డకు. ముందు పెట్టి మీరు పక్కన కూర్చోండి. 'ఇది తీస్కో, అది తీస్కో' అనకండి. ఏది పట్టుకోవాలో బిడ్డే చూసుకుంటుంది. తెడ్డును పావుగంట తిప్పి తిప్పి నాకుతుంది. మనకు విసుగొస్తుంది, బిడ్డకు రాదు. తల పక్కకు తిప్పుకున్నా, కళ్ళు నలుపుకున్నా చాలించినట్టు. ఆడిన తర్వాత అన్నీ కడిగి ఎండలో పెట్టండి. మన సీమలో ఎండకు మాత్రం కరువు లేదు.

అంతకంటే చిన్న బిడ్డకు వస్తువుల పని పెద్దగా లేదు. మీ ముఖమే బొమ్మ. జానెడు దూరంలో పెట్టి నాలుక బయటపెట్టండి, కాసేపాగి చూడండి, బిడ్డ కూడా పెడుతుంది కొన్నిసార్లు. అది ఊ అంటే మీరూ ఊ అనండి, మళ్ళీ దాని వంతు వచ్చేదాకా ఆగండి. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క రోజు మొత్తం మీద కలిపి కనీసం 30 నిమిషాలు, రెండు రెండు నిమిషాలుగా అయినా సరే. మనకు బేతంచర్ల నాపరాయి, కడప బండ పరిచిన ఇళ్ళున్నాయి. నున్నటి చల్లటి బండ మీద పొట్ట ఆనించి పడుకున్న బిడ్డ ముఖం ఎలా మారుతుందో చూడాల్సిందే. తర్వాత దుప్పటి మీద, తర్వాత ఈతచాప మీద. మూడింటికీ మూడు రకాలుగా మెడ ఎత్తుతుంది. వాకిట్లో బండ మీద వద్దు. మన వేసవిలో అది పెనం. లోపలి బండ అయినా ముందు మీ అరచెయ్యి ఆనించి చూసుకోండి.

ఎనిమిది నెలల వైపు దోబూచులాట అసలు మజా ఇస్తుంది. తువ్వాలు కింద చెంబు దాస్తే, కనపడకపోయినా చెంబు ఉందని బిడ్డకు అప్పుడప్పుడే తెలుస్తుంటుంది. తువ్వాలు లాగి చెంబు దొరికినప్పుడు నవ్వే నవ్వు అందుకే అంత పెద్దది. తర్వాత పారేసే కాలం వస్తుంది. గ్లాసు కింద పడేస్తుంది, మీరు తీసిస్తారు, మళ్ళీ పడేస్తుంది. పదిసార్లు. గ్లాసు ఒకలాగ మోగుతుంది, గుడ్డ అసలు మోగదు, పడేసిన ప్రతిసారీ మామ వంగి తీస్తాడు. ఇవన్నీ అది లెక్క వేసుకుంటోంది. మామకు నడుం నొప్పి వస్తే చేటలో పడేయమని చేట ముందు పెట్టుకోవచ్చు.

నీళ్ళాట అనగానే మనకు కోపం వస్తుంది. ట్యాంకరు వచ్చే ఊళ్ళో బిడ్డ ముందు బేసిను నింపమని చెప్పడానికి మాకు నోరు రాదు. స్నానం నీళ్ళు చాలు. కూర్చోబెట్టి ఒక చెంబుతో పైనుంచి సన్నగా ధార పోయండి, బిడ్డ ఆ ధారను పట్టుకోవాలని చూస్తుంది. ఆ నీళ్ళు మళ్ళీ కరివేపాకు చెట్టుకు పోతాయి, వృథా ఏమీ లేదు. కానీ ఆ కాసేపు బిడ్డ మీద నుంచి కన్ను తీయకండి. నాలుగు వేళ్ళ లోతు నీళ్ళలోనూ చంటిబిడ్డ ప్రాణం పోతుంది, చప్పుడు కూడా కాదు. ఆట అయ్యాక బకెట్టు బోర్లించండి.

ఆరు నెలలు దాటి అన్నం మొదలుపెట్టిన బిడ్డకు సంగటే ఆటసామాను. చల్లారిన మెత్తటి రాగి సంగటి ఒక చిన్న ముద్ద పళ్ళెంలో పెట్టండి. నలుపుతుంది, పూసుకుంటుంది, కాస్త తింటుంది. పెద్దవాళ్ళు 'అన్నం పాలు చేస్తోంది' అంటారు. గోరంత ముద్దకు ఏమీ కాదని నచ్చజెప్పండి. వాసన ఆటకు వాము, ధనియాలు గుడ్డలో మూటకట్టి ముక్కు దగ్గర ఆడించొచ్చు. కారప్పొడి, మిరియం దగ్గరికి కూడా రానీయకండి. మిరప చేలో నుంచి వచ్చిన తల్లి, అక్క ముందు నూనె రాసుకుని, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్న తర్వాతే బిడ్డను ఎత్తుకోవాలి. మిరప ఘాటు చేతికి మనం అలవాటు పడతాం. బిడ్డ చెంపకు అది నిప్పే.

ఇక్కడ మా చెంచు చెల్లెలు ఒక మాట చెప్పమంది. గూడెంలో పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం ఉంది. తేనె మన అడవి పేరు నిలబెట్టిన వస్తువు, దానిమీద చెడుమాట అనాలని ఎవరికీ ఉండదు. కానీ ఏడాది లోపు బిడ్డకు తేనె ఒక్క చుక్క కూడా వద్దు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పెద్దవాళ్ళను ఏమీ చేయదు, ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మాత్రం విషం పుట్టించి ఒళ్ళు చచ్చుబడేలా చేయగలదు. అడవి నుంచి బిడ్డకు ఇవ్వాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. వాళ్ళ నాన్న చెట్టు కింద బిడ్డను భుజాన వేసుకుని పిట్ట కూసినప్పుడల్లా అదే కూత తిరిగి కూసేవాడట. కొన్నాళ్ళకు బిడ్డ పిట్ట వైపు కాకుండా నాన్న నోటి వైపు చూడటం మొదలుపెట్టిందట.

మా ఇంట్లో జరిగిన ఒకటి చెప్పక తప్పదు. సీమ వాకిళ్ళలో చెనిక్కాయలు ఎండబెట్టని ఇల్లు ఉండదు. మాలో ఒకరి తమ్ముడికి పద్నాలుగు నెలలు. చెనిక్కాయలు వలుస్తూ పక్కన కూర్చోబెట్టుకున్నాం, ఆడుకుంటున్నాడనే అనుకున్నాం. దగ్గు మొదలైంది, ఆగింది. తగ్గిందనుకున్నాం. మూడోరోజుకు ఎగపోత. పెద్దాసుపత్రిలో గొట్టం వేసి ఊపిరితిత్తి దారిలోంచి పప్పు బద్ద తీశారు. బతికాడు, ఇప్పుడు ట్రాక్టరు తోలుతున్నాడు. ఆ మూడు రోజులు మా అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. చెనిక్కాయలు, శనగలు ఐదేళ్ళు నిండేదాకా గింజగా ఇవ్వకండి, మెత్తగా నూరి సంగటిలో కలపండి. ఆటకిచ్చే వస్తువుకు మేము పెట్టుకున్న కొలత నిమ్మకాయ. దానికంటే చిన్నది ఏదీ గంపలో వేయం. గొంతులో ఏదైనా ఇరుక్కుంటే, కంటికి కనపడని దాన్ని వేలు పెట్టి తీయబోకండి, ఇంకా లోపలికి పోతుంది. ఏడాది లోపు బిడ్డ ఊపిరాడక, గొంతు పెగలక ఉంటే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా వేసుకుని రెండు భుజాల మధ్య వీపు మీద ఐదు దెబ్బలు చరచాలి. ఒకరు 108కి ఫోన్ చేయాలి. భోజనాల తర్వాత నర్సు అక్క బొమ్మ మీద చేసి చూపిస్తుంది, ఒక్కొక్కరూ చేతితో చేసి చూడండి.

ఇంకొకటి మన ఇళ్ళకే సంబంధించింది. పత్తికి కొట్టిన మందు డబ్బా ఖాళీ అయితే అందులో రాళ్ళు వేసి పిల్లోడికి గిలక్కాయ చేసిచ్చిన ఇల్లు మేము చూశాం. ఎన్నిసార్లు కడిగినా ఆ డబ్బా ఇంట్లోకి రాకూడదు. మందు పట్టించిన రంగు విత్తనాలు కూడా అంతే. తిరునాళ్ళలో అమ్మే లైటు బొమ్మల్లో గుండ్రటి చిన్న బ్యాటరీలుంటాయి. మింగితే కొద్ది గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తాయి. ఎంత మెరిసినా కొనకండి.

'ఇంత చిన్న ఆటలతో ఏం ఒరుగుతుంది' అని మా పెదనాన్న అడిగాడు. ఆయనకు జమైకా సంగతి చెప్పాం. 1986, 87లో అక్కడి కింగ్‌స్టన్ నగరం పేద వాడల్లో ఎదుగుదల తగ్గిన 129 మంది బిడ్డలను తీసుకున్నారు, వయసు 9 నుంచి 24 నెలలు. శాలీ గ్రంథమ్ మెక్‌గ్రెగర్ అనే డాక్టరమ్మ, ఆమె తోటివాళ్ళు చేసిన పని. కొన్ని ఇళ్ళకు స్థానిక ఆరోగ్య కార్యకర్తలు, మన ఆశా అక్కల్లాంటి వాళ్ళు, వారానికి ఒక గంట వెళ్ళి ఇంట్లోని వస్తువులతో చేసిన బొమ్మలతో ఎలా ఆడించాలో తల్లికి చూపించారు. రెండేళ్ళు అంతే చేశారు. ఆ బిడ్డలు 22 ఏళ్ళ వాళ్ళయ్యాక వెతికి పట్టుకుని చూస్తే, ఆడించని ఇళ్ళ పిల్లల కంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. 2014లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. పెదనాన్న కాసేపు ఆలోచించి, 'అంటే గ్రూప్స్ కోచింగ్ ఊయల్లోనే మొదలు పెట్టాలంటావా' అన్నాడు. ఆయనది ఎప్పుడూ వెటకారమే. ఆ తర్వాత మనవరాలి ముందు చెంబు దొర్లిస్తూ కనిపించాడు.

మన ప్రభుత్వం కూడా 2024లో 'నవచేతన' పేరుతో పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ దాకా బిడ్డల కోసం ఒక పుస్తకం తెచ్చింది. 36 నెలలకు నెల నెలా ఏం ఆడించాలో 140 పనులు అందులో ఉన్నాయి. మీ అంగన్‌వాడీలో అడిగి చూడండి. మూడేళ్ళు నిండని బిడ్డ అంగన్‌వాడీలో కూర్చోదు, ఇంట్లోనే ఉంటుంది. అందువల్ల ఆ పుస్తకం చదివి ఇంట్లో ఆడించే మనిషి కావాలి. ఇంట్లో చదవడం వచ్చినవాళ్ళు చాలా చోట్ల మీరే.

తమ్ముళ్ళతో విడిగా ఒక మాట. బిడ్డను ఎత్తుకుని తండాలో తిరిగితే స్నేహితులు నవ్వుతారని మీలో కొందరు మాతో అన్నారు. నవ్వనీయండి. తండ్రి, మామ గొంతు తల్లి గొంతులా ఉండదు. బరువుగా ఉంటుంది, ఛాతీ ఆనితే అదురుతుంది. మీ ఛాతీ మీద బిడ్డను పడుకోబెట్టుకుని మీకొచ్చిన పాట ఏదైనా సన్నగా కూనిరాగం తీయండి. ఆ అదురు మేమెంత పాడినా మా దగ్గర రాదు.

మొన్న ఆ మిరప చేని గుడిసె దగ్గర మేము ఫోను విప్పమని చెప్పలేదు. ఆ పదకొండేళ్ళ పిల్ల చేతికి మా సంచిలోని స్టీలు గ్లాసు, గోనె ముక్క, గుడ్డ సంచి ఇచ్చి ఎలా ఆడించాలో చూపించాం. వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఫోను అలాగే మోగుతోంది, పిల్లోడు గ్లాసు పడేస్తున్నాడు, ఆ పిల్ల నవ్వుతూ తీస్తోంది. రెండు వారాల తర్వాత వాళ్ళ అమ్మ ఫోన్ చేసింది. గ్లాసు సొట్టపోయిందట, ఇంకోటి ఇచ్చుకోవాలా అని అడిగింది.

ఇక ఈ గంప కిందికి దించుతున్నాం. ముందు వరసలో పాపను ఎత్తుకుని కూర్చున్న చెల్లీ, ఏడు నెలలన్నావు కదా, ఈ చాప మీద కూర్చోబెట్టు. మైకు ఆపేయండన్నా, చప్పుడుకు బెదురుతుంది. మిగతావాళ్ళు చుట్టూ కూర్చోండి, కొంచెం దూరంగా. మొదట ఏది తీస్తుందో చూద్దాం.